జనవరి మూడున జరగని సభ

ఏటా జనవరి 3 దగ్గర పడుతోందంటే దేశంలోని సైన్సు మేష్టార్ల ఇళ్ళల్లో ప్రయాణాల హడావిడి మొదలయ్యేది. టికెట్లు ముందే తీసుకోవాలి, సెలవు చీటీ మీద ప్రిన్సిపాల్ సంతకం పెట్టించాలి, పేపరు సారాంశం గడువులోగా పంపాలి, పోస్టరు నలగకుండా అట్టగొట్టంలో చుట్టుకోవాలి. ఆ ఏడు సభ ఏ ఊళ్ళో పెడితే ఆ ఊరికి. ఇన్ని దశాబ్దాల ఆ ప్రయాణం 2024 జనవరిలో ఆగిపోయింది. జలంధర్‌లో జరగాల్సిన 109వ భారత సైన్స్ కాంగ్రెస్ జరగలేదు. ఆతిథ్యం ఇస్తానన్న విశ్వవిద్యాలయం వెనక్కి తగ్గింది. డబ్బిచ్చే ప్రభుత్వ శాఖ అంతకుముందే చెయ్యి తీసేసింది. పత్రికల్లో లోపలి పేజీల్లో వార్త వచ్చింది. దేశం పెద్దగా బాధపడలేదు. అసలు బాధపడాల్సింది అందుకే.

ఈ కాంగ్రెస్‌ని నడిపే సంఘం కార్యాలయం కోల్‌కతాలో, పార్క్ సర్కస్ వైపు, డాక్టర్ బీరేశ్ గుహ వీధిలో ఉంది. బీరేశ్ గుహ విటమిన్ సి మీద పనిచేసిన జీవరసాయన శాస్త్రజ్ఞుడు. శాస్త్రజ్ఞుల సంఘానికి శాస్త్రజ్ఞుడి పేరున్న వీధి దొరకడం ఆ నగరంలో వింతేమీ కాదు. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్, జగదీశ్ చంద్ర బోస్, మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ నడిచిన వీధులవి. ఒకప్పుడు ఈ దేశంలో సైన్సు అంటే చాలామటుకు కలకత్తాయే.

సైన్స్ కాంగ్రెస్ కథ ఇద్దరు బ్రిటిష్ రసాయన శాస్త్రజ్ఞులతో మొదలవుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో సైమన్‌సెన్, లక్నో కానింగ్ కాలేజీలో మాక్‌మహన్ పాఠాలు చెప్పేవారు. ఒకరు చేస్తున్న పని ఇంకొకరికి తెలియాలంటే ఇంగ్లండు పత్రికలో అచ్చయి తిరిగి రావాలి. మద్రాసులో ఉన్నవాడికి లక్నో కన్నా లండనే దగ్గర. ఇంగ్లండులో 1831 నుంచి బ్రిటిష్ అసోసియేషన్ ఏడాదికో ఊళ్ళో కూడుతోంది కదా, అలాంటిది ఇక్కడ ఎందుకుండకూడదని వాళ్ళు ఉత్తరాలు రాశారు. 1914 జనవరి 15న కలకత్తా ఏషియాటిక్ సొసైటీ భవనంలో మొదటి సభ మొదలైంది. మూడు రోజులు నడిచింది. వచ్చినవాళ్ళు 105 మంది, చదివిన పత్రాలు 35. వృక్ష, జంతు, రసాయన, భౌతిక, భూగర్భ శాస్త్రాలకూ మానవజాతుల అధ్యయనానికీ ఆరు విభాగాలు. అధ్యక్షుడు సర్ అశుతోష్ ముఖర్జీ. లెక్కల్లో మేధావి, హైకోర్టు జడ్జి, కలకత్తా విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్. ఆ ఏడాది మార్చిలోనే ఆయన విశ్వవిద్యాలయ సైన్సు కాలేజీకి పునాదిరాయి వేశారు. మనవాళ్ళ పరిశోధనకు మన గడ్డ మీదే చోటు, విని తప్పొప్పులు చెప్పడానికి మన మనుషులూ ఉండాలన్న పట్టుదల ఆ రెండు పనుల్లోనూ కనిపిస్తుంది.

105 మంది, 35 పత్రాలు. అంటే చదివిన ప్రతి పత్రాన్నీ విన్నవాళ్ళు ఉన్నారు. విని ఊరుకోకుండా మాట్లాడినవాళ్ళూ ఉన్నారు. నా దృష్టిలో ఈ సంస్థ అసలు ఆస్తి అదే.

తర్వాతి ఏడు సభ మద్రాసుకు వెళ్ళింది. అక్కణ్ణుంచి లక్నో, లాహోరు, బొంబాయి, నాగపూరు. అధ్యక్షుల పేర్లు వరుసగా చదువుకుంటే ఈ దేశపు విజ్ఞాన చరిత్ర చదివినట్టే. 1920లో ప్రఫుల్ల చంద్ర రాయ్, 1923లో విశ్వేశ్వరయ్య, 1927లో జగదీశ్ చంద్ర బోస్, 1929లో సి.వి. రామన్, 1934లో సాహా. రామన్ చిన్నతనం చదువు విశాఖపట్నంలోనే. అక్కణ్ణుంచి మద్రాసు, ఆ తర్వాత కలకత్తాలో ఆడిట్ శాఖలో ఉద్యోగం, ఉద్యోగం తర్వాతి గంటలన్నీ బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ప్రయోగశాలలో. 1928 ఫిబ్రవరి 28న ఆ ప్రయోగశాలలో రామన్ తన ఆవిష్కరణ చేసిన రోజునే ఇప్పుడు మనం జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అదే ఏడు గుడివాడ కుర్రాడు ఒకడు ఆ మెట్లెక్కి రామన్ దగ్గర చేరాడు. ఆయనే సూరి భగవంతం. తర్వాత వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం నిలబెట్టాడు, ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్ అయ్యాడు, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్ అయ్యాడు, 1973లో చండీగఢ్‌లో సైన్స్ కాంగ్రెస్ 60వ సమావేశానికి అధ్యక్షత వహించాడు. కలకత్తాలో అంటుకున్న దీపం వాల్తేరు గుట్ట మీదికి ఎలా వచ్చిందో ఈ ఒక్క మనిషి జీవితం చూస్తే చాలు.

ఆ సంస్థ పూర్తి వైభవం చూడాలంటే 1938 జనవరి కలకత్తాకు వెళ్ళాలి. రజతోత్సవ సభ. బ్రిటిష్ అసోసియేషన్‌తో కలిపి జరుపుకోవాలని నిర్ణయించారు. అధ్యక్షత వహించాల్సింది అణువు గుట్టు విప్పిన రూథర్‌ఫర్డ్. ప్రసంగం రాసి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఓడ ఎక్కకముందే, 1937 అక్టోబరు 19న కన్నుమూశాడు. ఆయన స్థానంలో ఖగోళ శాస్త్రజ్ఞుడు సర్ జేమ్స్ జీన్స్ వచ్చి, చనిపోయిన మనిషి రాసుకున్న మాటలు కలకత్తా సభకు చదివి వినిపించాడు. ఆ సభకు వచ్చినవాళ్ళెవరనుకున్నారు? ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని సూర్యగ్రహణంలో పరీక్షించిన ఎడింగ్టన్, ఐసోటోపుల ఆస్టన్, ఆధునిక గణాంక శాస్త్రానికి పునాది వేసిన ఫిషర్. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు యూంగ్ కూడా ఆ పిలుపు మీదే భారతదేశానికి వచ్చి, కలకత్తాలో విరేచనాలు పట్టుకుని ఆసుపత్రిలో పడ్డాడు. వీళ్ళంతా దండలు వేయించుకోవడానికి రాలేదు. మహలనోబిస్ గణాంక సంస్థ పెట్టి అప్పటికి ఆరేళ్ళు. ఫిషర్ వచ్చింది ఆ సంస్థలో యువకులు చేస్తున్న లెక్కలు చూడటానికి. బానిస దేశంలో ఒక ఊరు, ప్రపంచంలోని గొప్ప బుర్రలతో సమానంగా కూర్చుని వాదించిన వారం అది.

యుద్ధం కూడా ఈ సభను ఆపలేకపోయింది. 1942 డిసెంబరులో జపాన్ విమానాలు కలకత్తా మీద బాంబులు వేశాయి. జనం పెట్టేబేడా సర్దుకుని హౌరా స్టేషనుకు పరుగెత్తారు. మరుసటి నెలలో, 1943 జనవరిలో, అదే ఊళ్ళో 30వ సమావేశం జరిగింది. దానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నది జవహర్‌లాల్ నెహ్రూని. ఆయన అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉన్నాడు. భూగర్భ శాస్త్రజ్ఞుడు వాడియా ఆ బాధ్యత తీసుకున్నాడు. నెహ్రూ తన బాకీ 1947 జనవరిలో ఢిల్లీలో తీర్చుకున్నాడు. ప్రధాని అయ్యాక కూడా ఏటా ఈ సభకు వచ్చాడు. శాస్త్రజ్ఞులు ఏమంటున్నారో విందామన్న ఆసక్తితో వచ్చేవాడు, వచ్చి కూర్చునేవాడు. ఆ రావడం తర్వాతి ప్రధానులకు ఆనవాయితీ అయింది. నెహ్రూ రాకలో ఉన్న మంచి మీద నాకు అనుమానం లేదు. కానీ తర్వాత జరిగినదానికి విత్తనం కూడా అక్కడే పడిందని అనుకుంటాను.

మన ఊళ్ళకూ ఈ సభ చాలాసార్లు వచ్చింది. 1937లో నిజాం హైదరాబాదుకు వచ్చినప్పుడు అధ్యక్షుడు చెరకు వంగడాల వెంకట్రామన్. 1954లో మళ్ళీ హైదరాబాదు. 1967లో మళ్ళీ అక్కడే, అధ్యక్షుడు టి.ఆర్. శేషాద్రి. ఆయన 1933 నుంచి పదహారేళ్ళు వాల్తేరులో రసాయన శాస్త్రం చెప్పినవాడు, పూలలో రంగుల రసాయనాన్ని జీవితాంతం వెతికినవాడు. 1976లో వాల్తేరులోనే సభ, అధ్యక్షుడు స్వామినాథన్. గ్రామీణాభివృద్ధికి సైన్సు అన్న ఒక ప్రధానాంశం పెట్టుకుని అన్ని విభాగాలూ దాని మీద మాట్లాడే పద్ధతి ఆ ఏడాదే మొదలైంది. 1983లో తిరుపతి, అధ్యక్షుడు బి. రామచంద్రరావు, అంశం సముద్రం. 1998లో హైదరాబాదులో పి. రామారావు. 2006లో అక్కడే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఐ.వి. సుబ్బారావు. 2008లో విశాఖ, ఆర్. రామమూర్తి. 2017లో తిరుపతి, డి. నారాయణరావు. కలకత్తా తర్వాత ఈ సభను ఇంత ఆప్యాయంగా పిలిచి పెట్టుకున్నవాళ్ళలో తెలుగువాళ్ళు ముందు వరసలో ఉంటారు. అందుకని ఈ పతనం ఎవరి ఇంట్లోదో అన్నట్టు చూడలేను.

ఎక్కడ మొదలైంది పతనం? ఏడాది చెప్పలేం. జనం తగ్గడంతో మాత్రం మొదలు కాలేదు. అన్ని శాస్త్రాలవాళ్ళూ ఒక కప్పు కింద కూర్చునే కాలమే పోతూ వచ్చింది. 1924లో కలకత్తాలోనే ఇండియన్ కెమికల్ సొసైటీ పుట్టింది. 1930లో సాహా అలహాబాదులో ఒక అకాడమీ, 1934లో రామన్ బెంగుళూరులో మరో అకాడమీ పెట్టారు. 1935 జనవరిలో కలకత్తాలోనే జాతీయ విజ్ఞాన సంస్థ మొదలై, తర్వాత ఢిల్లీకి తరలిపోయింది. ఒక్కో శాస్త్రానికీ విడి సంఘం, విడి పత్రిక, విడి వార్షిక సభ. అణుభౌతికం చేసేవాడికి వృక్షశాస్త్రం వినే తీరిక లేదు. ఇది ప్రపంచమంతటా జరిగింది. 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో డార్విన్ పరిణామవాదం మీద హక్స్‌లీకీ బిషప్ విల్బర్‌ఫోర్స్‌కీ వాగ్యుద్ధం జరిగింది బ్రిటిష్ అసోసియేషన్ సభలోనే. ఆ సంఘం 2009లో పేరు మార్చుకుంది. దాని వార్షిక సభ ఇప్పుడు జనానికి సైన్సు చూపించే పండుగ. వాళ్ళకి తాము ఏమయ్యారో తెలుసు, దానికి తగ్గ పేరు పెట్టుకున్నారు. మనవాళ్ళు ఆ మాట ఒప్పుకోలేదు. పరిశోధనల సభ అన్న పేరు అలాగే ఉంచి, లోపల తిరణాల నడిపారు.

ఆ సభలకు వెళ్ళినవాళ్ళకు గుర్తుండే దృశ్యం ఒకటి చెప్తాను. ప్రారంభోత్సవం రోజు. తెల్లవారకముందే బస్సుల్లో స్కూలు పిల్లలు, డిగ్రీ పిల్లలు. మెటల్ డిటెక్టర్ల ముందు బారులు. నీళ్ళసీసా కూడా లోపలికి రానివ్వరు. జీవితమంతా ప్రయోగశాలలో గడిపిన ముసలాయన బ్యాడ్జీ తిప్పి తిప్పి చూపించుకుంటూ నిలబడతాడు. ప్రధాని వస్తారు, దీపం వెలిగిస్తారు, పథకాలు చెబుతారు, అవార్డులు ఇస్తారు, వెళ్ళిపోతారు. ఆయన వెనకే కెమెరాలు, వాటి వెనకే పెద్ద శాస్త్రజ్ఞులు. మధ్యాహ్నానికి పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలు వరసలు తప్పి ఉంటాయి.

అసలు సభ అప్పుడు మొదలవుతుంది, ఏదో ఒక డిపార్టుమెంటు తరగతి గదిలో. పద్నాలుగు విభాగాలు, ఒక్కోదానికి ఒక గది. ప్రొజెక్టరు వెలుగు కిటికీ ఎండకు సరిగా ఆనదు. ఒక జిల్లా కాలేజీ లెక్చరరు, చెరువు చేపల్లో పురుగుల మీద నాలుగేళ్ళు పనిచేసినవాడు, లేచి నిలబడతాడు. పది నిమిషాలు ఇచ్చారు. ముందువాళ్ళు సాగదీశారు కాబట్టి ఐదే. గదిలో ఉన్నది తమ వంతు కోసం కూర్చున్న తోటి లెక్చరర్లు. తమ పేపరు చదివినవాళ్ళు లేచి సర్టిఫికెట్ కౌంటరుకు వెళ్ళిపోయారు. ఈయన చదువుతాడు. అధ్యక్షుడు గడియారం చూసి, ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటాడు. ఉండవు. ఆ పురుగుల గురించి ఈ దేశంలో గట్టిగా అడగగలిగినవాళ్ళు పదిమంది ఉంటే, వాళ్ళలో ఒక్కరూ ఆ ఊళ్ళో లేరు. ఆయన సంచీ భుజానికి తగిలించుకుని, సర్టిఫికెట్ తీసుకుని, మర్నాడు చుట్టుపక్కల గుళ్ళూ గోపురాలూ చూసి ఇంటికి పోతాడు. ఉద్యోగంలో పైమెట్టు ఎక్కడానికి ఆ కాగితం పనికొస్తుంది. ఆ నాలుగేళ్ళ పనిలో తప్పేదో ఒప్పేదో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈ సంస్థ ఖాళీ అయింది అలా. సభ్యుల సంఖ్య పెరుగుతూనే వచ్చింది, ముప్పై వేలు దాటింది. పందిళ్ళు నిండుతూనే వచ్చాయి. నోబెల్ గ్రహీతలను పిలిచి వేదిక మీద కూర్చోబెడుతూనే వచ్చారు. 2017లో తిరుపతికి ఆడా యోనత్, కజితా లాంటి మహామహులు వచ్చారు. తగ్గిపోయింది ఎదురుప్రశ్న వేసే మనిషి. హాజరు పట్టీలో ఆ తగ్గుదల కనిపించదు.

శతజయంతి సభ 2013 జనవరి 3న కోల్‌కతాలో, సాల్ట్ లేక్ స్టేడియంలో ప్రారంభమైంది. రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించారు. ఆ ఏడాది సంఘానికి అధ్యక్షుడు ప్రధాని మన్మోహన్ సింగే. దేశానికి కొత్త సైన్సు విధానం ఆ వేదిక మీదే విడుదలైంది. పుట్టిన ఊరికి వందో సమావేశం తిరిగి రావడం, ఫుట్‌బాల్ స్టేడియంలో సభ, రాష్ట్రపతి, ప్రధాని. ఇంతకన్నా గౌరవం ఏ విద్వత్సభకు దక్కుతుంది? అయినా ఆ అధ్యక్షుల వరుస చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఒకప్పుడు సత్యేంద్రనాథ్ బోస్ కూర్చున్న స్థానం. మన్మోహన్ గొప్ప ఆర్థికవేత్త, సందేహం లేదు. కానీ వందేళ్ళ పండుగకు తమలో ఒకణ్ణి ముందు నిలబెట్టుకోవడం కన్నా ప్రధానిని నిలబెట్టుకోవడమే మేలని ఒక శాస్త్రజ్ఞుల సంఘం అనుకుందంటే, తన సొంత మాట బరువు మీద దానికి అప్పటికే నమ్మకం పోయిందన్నమాట.

ఆ తర్వాత అంతా చాలా తొందరగా జరిగిపోయింది.

2015, ముంబయి. సంస్కృతం ద్వారా ప్రాచీన విజ్ఞానం అనే గోష్ఠిలో, వేదకాలంలో గ్రహాల మధ్య తిరిగే విమానాలు ఉండేవని ఒక రిటైర్డ్ పైలట్ పత్రం చదివాడు. దానికి ఆధారంగా చెప్పే వైమానిక శాస్త్రాన్ని బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రజ్ఞులు 1974లోనే పరీక్షించారు. అది ఇరవయ్యో శతాబ్దంలో రాసిన పుస్తకమని, అందులో చెప్పిన యంత్రాలు ఎగరవని తేల్చారు. అంటే జవాబు నలభై ఏళ్ళ ముందే సిద్ధంగా ఉంది. గదిలో లేచి ఆ జవాబు చెప్పాల్సిన మనిషే లేడు. 2016, మైసూరు. శంఖం ఊదితే వచ్చే ఆరోగ్యం మీద ప్రదర్శన. అప్పుడే నోబెల్ గ్రహీత వెంకట్రామన్ రామకృష్ణన్ ఇది సర్కస్ అని, ఇంకెప్పుడూ రానని తేల్చి చెప్పారు. ఆయన కోపం న్యాయమే. అయితే ఆయనలాంటి ఎందరో పెద్దలు ఎన్నో ఏళ్ళ ముందే, ఏమీ అనకుండా, రావడం మానేశారు. వాళ్ళు ఖాళీ చేసిన కుర్చీల్లోనే ఈ పత్రాలు వచ్చి కూర్చున్నాయి. పాడైందని రాలేదంటారు వాళ్ళు. రాలేదు కాబట్టే పాడైందని నేనంటాను. ఈ రెండు మాటలూ నిజమే కావచ్చు, కానీ రెండోది చెప్పినవాళ్ళు తక్కువ.

2018లో మళ్ళీ మన వంతు వచ్చింది. జనవరి 3న ఉస్మానియాలో 105వ సమావేశం. ఉస్మానియా వందేళ్ళు నిండిన సంబరంలో ఉంది. డిసెంబరులో క్యాంపస్ అట్టుడికింది. ఒక విద్యార్థి ఆత్మహత్య, నిరుద్యోగం మీద ఆందోళనలు. ప్రధాని వచ్చే సభకు భద్రత కుదరదన్నారు. రెండు వారాల ముందు సభ వాయిదా పడింది, హైదరాబాదు నుంచి మణిపుర్‌కు తరలిపోయి మార్చి 16న ఇంఫాల్‌లో మొదలైంది. జపాన్ బాంబులు పడిన నెలకే కలకత్తాలో కూడిన సభ ఇది. దాన్ని ఉస్మానియా పిల్లల నినాదాలు ఆపాయంటే నమ్మబుద్ధి కాదు. ఆపినది ప్రధాని రాక. ఆయన రాకుండా కూడా సభ జరపొచ్చన్న ఆలోచన అప్పటికి ఎవరికీ రాలేదు. ఇంఫాల్‌లో కేంద్ర సైన్సు మంత్రి, రెండు రోజుల ముందే చనిపోయిన స్టీఫెన్ హాకింగ్ పేరు తెచ్చి, ఐన్‌స్టీన్ సూత్రం కన్నా గొప్పది వేదాల్లో ఉండొచ్చని హాకింగ్ అన్నాడని చెప్పారు. ఆధారం అడిగితే చూపించలేదు.

2019 జనవరి, జలంధర్. ఈ భాగం రాయడం తెలుగువాడికి కష్టం. పిల్లల సైన్స్ కాంగ్రెస్ వేదిక. ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ జి. నాగేశ్వరరావు లేచి, కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలని, రావణుడికి 24 రకాల విమానాలు, లంకలో విమానాశ్రయాలు ఉండేవని చెప్పారు. ఎదురుగా ఉన్నది పిల్లలు. నోరెళ్ళబెట్టి విన్నారు. పెద్దాయన, వైస్ ఛాన్సలర్, సైన్స్ కాంగ్రెస్ వేదిక, నమ్మకేం చేస్తారు? భారతంలో గాంధారి కుండల కథ మనందరికీ ఇష్టమైన కథ. పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. కథగా చెబితే ఆ పిల్లలకు వ్యాసుడి ఊహ దక్కేది. ప్రయోగశాల నివేదికగా చెప్పడంతో అటు కావ్యమూ పోయింది, ఇటు సైన్సూ పోయింది. భగవంతం పాఠం చెప్పిన విశ్వవిద్యాలయం అది. శేషాద్రి పూలరంగులు విడదీసిన ప్రయోగశాలలున్న విశ్వవిద్యాలయం. కలకత్తా దీపం వచ్చి వెలిగిన చోటు. ఆ గుట్ట నుంచి వెళ్ళిన గొంతే దేశమంతటా వినపడింది. అదే సభలో ఇంకొకరు న్యూటన్‌నీ ఐన్‌స్టీన్‌నీ కొట్టిపారేశారు. ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు విజయరాఘవన్ బహిరంగంగా తప్పుపట్టారు. కోల్‌కతాలో, బెంగుళూరులో విద్యార్థులు, శాస్త్రజ్ఞులు అట్టలు పట్టుకుని వీధుల్లో నిలబడ్డారు. ఇకమీదట మాట్లాడేవాళ్ళు ముందే ప్రసంగం రాసి ఇవ్వాలని, తేడాగా మాట్లాడితే ఆపడానికి ఒక మనిషిని కూర్చోబెడతామని సంఘం ప్రకటించింది. 1914లో ఆ కాపలా మనిషి అక్కర్లేకపోయింది. గదిలో ఉన్న ప్రతివాడూ కాపలా మనిషే.

కరోనా రెండేళ్ళు తినేసింది. 2023 జనవరిలో నాగపూర్‌లో 108వ సమావేశం జరిగింది. ప్రధాని తెర మీద మాట్లాడారు, మనిషి రాలేదు. ఆ సెప్టెంబరులో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, డబ్బు లెక్కల్లో అక్రమాలు ఉన్నాయంటూ ఇక సైన్స్ కాంగ్రెస్‌కు నిధులు ఇవ్వబోమని నోటీసు ఇచ్చింది. ఏటా సమావేశానికి ఆ శాఖ ఇచ్చేది సుమారు 5 కోట్లు. సంఘం ఆరోపణలు కాదంది, కోర్టుకెక్కింది. లక్నోలో అనుకున్న సభ జలంధర్‌కు మారింది, జలంధర్ కూడా కుదరదంది. ఎవరిది తప్పో తేల్చాల్సింది న్యాయస్థానం. నన్ను కలచివేసేది ఇంకొకటి. ముప్పై వేల పైచిలుకు సభ్యులున్న సంఘం. మనిషికి రెండు మూడు వందలు వేసుకున్నా ఒక విశ్వవిద్యాలయం హాస్టల్లో, సాదా భోజనాలతో, దండలూ శాలువాలూ లేకుండా నాలుగు రోజులు కూర్చోవచ్చు. ఆ పిలుపు రాలేదు. వచ్చినా ఎంతమంది వెళ్ళేవారో చెప్పలేను. ప్రభుత్వం ఒక్క కాగితం మీద ఆపగలిగినదాన్ని, సభ్యులు తమ సొంత సభ అనుకోవడం ఎప్పుడో మానేసి ఉండాలి.

ఢిల్లీ ఆగలేదు. 2025 నవంబరు 3న భారత్ మండపంలో, కొత్త సాంకేతికత, ఆవిష్కరణల పేరుతో వేరే సమావేశం మొదలైంది. మూడు రోజులు. ప్రధాని ప్రారంభించారు, పరిశోధనకు లక్ష కోట్ల రూపాయల నిధిని మొదలుపెట్టారు. సెమీకండక్టర్లు, క్వాంటం, కృత్రిమ మేధ, బయోటెక్నాలజీ. చక్కగా జరిగిందన్నారు, నేనూ కాదనను. విమానాల పురాణాలు అక్కడ వినిపించలేదు. పరిశ్రమలవాళ్ళు, పెద్ద సంస్థల డైరెక్టర్లు, నోబెల్ గ్రహీతలు వచ్చారు. సైన్స్ కాంగ్రెస్ చేయాల్సిన పని ఇకమీదట ఇదే చేస్తుందని మాటలు వినిపించాయి.

చేపల పురుగుల లెక్చరరుకు అక్కడ పిలుపు లేదు. ఆయన పని క్వాంటం కింద రాదు, కృత్రిమ మేధ కిందా రాదు. ఇది వ్యవసాయంలో, గ్రామాల్లో, చెరువుల్లో జరిగే పని. దేశంలో సైన్సు చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఇలాంటివాళ్ళే. శ్రీకాకుళంలో, కర్నూలులో, ఆదిలాబాదులో, బంకురాలో, పురూలియాలో. ఐఐటీ వాడికి సింగపూర్‌లో ఒక సభ, బోస్టన్‌లో ఒక సభ ఉంటాయి. వీళ్ళకు ఏడాదికి ఒకటే ఉండేది. చెడిపోయిందో బాగుందో, అది వీళ్ళది. బండి ఖర్చు పెట్టుకుని వెళితే, కనీసం ఇంకో రాష్ట్రంలో ఇదే పని చేస్తున్న ఇంకొకరు కలిసేవారు. క్యాంటీన్ టీ దగ్గర ఫోన్ నంబర్లు మార్చుకునేవారు. అప్పుడప్పుడూ అందులోంచే ఒక మంచి పేపరు పుట్టేది.

ఇప్పుడు వాళ్ళ ఈమెయిల్‌కు వేరే పిలుపులు వస్తున్నాయి. హోటల్ హాల్లో అంతర్జాతీయ కాన్ఫరెన్సు, రిజిస్ట్రేషనుకు పదివేలు, రాకపోయినా సర్టిఫికెట్ పంపుతాం, ఇంకో నాలుగు వేలు కడితే పేపరు జర్నల్లో వేస్తాం, రెండు రోజుల్లో. ఆ జర్నల్ ఎవరూ చదవరు. అందులో ఏం వేసినా ఎవరూ కాదనరు. ప్రమోషను ఫైలు కదలాలంటే కాగితం కావాలి, కాబట్టి లెక్చరర్లు ఆ డబ్బు కడుతున్నారు. ఈ జనవరిలో కూడా కట్టారు.